అత్తగారి ప్రశ్న

గత సంవత్సరము మా యత్తగారు జారిపడగా విరిగిన కాలియెముక యెంతకును అతుకుకొనలేదు. వైద్యులామె తుంటినుండి కొంత యెముకను తీసి యచ్చట పెట్టిరి. కాలు కుదిరెను గాని తుంటినొప్పి మాసములతరబడి వేధించెను. "ఒక గొయ్యి పూడ్చుటకు ఇంకొక గొయ్యి త్రవ్వవలెనటే?" అని యామె మమ్మడిగిరి.

ఎముక వట్టి రాయి కాదు. తూకమున నించుమించు మూడింట రెండుపాళ్లు ఖనిజము; తక్కినదానిలో నధికభాగము కొల్లాజెన్ అను మాంసకృత్తు. పుల్లని ద్రావకమున బహుదినములు నానిన యెముక వంగును. బాగుగా కాలిన యెముక పిండియగును. (మావారు దీనిని పాఠశాలలో పిల్లలకు జూపుదురు, ఆ సీసాను మాత్రము మా వంటయింటికి రానీయము.) ఈ జంటను జూచియే 1980 దశకమున లండనులో విలియం బాన్‌ఫీల్డు ప్రభృతులు హైడ్రాక్సీఅపటైటు అను పింగాణిజాతి పొడిని పాలిథిలీనుతో గలిపిరి.

అయినను క్రొత్త యెముక లోనికి పెరుగుటకు గుల్లతనము వలయును. కరగు పాలిమరును పింగాణిపొడిని గలిపి, యందు ఉప్పురవ్వలు చేర్చి, గట్టిపడినపిదప నీట నానవేసినచో ఉప్పు కరగిపోయి రంధ్రములు మిగులును. అవి 100 మైక్రానులకు తగ్గరాదు. 300 మించినచో రక్తనాళములు సులువుగా జొచ్చును. గుల్ల హెచ్చినకొలది బలము తగ్గును, అదియే చిక్కు. దేహభారము మోయు పెద్దయెముకలలోని పెద్దలోటులకు ఇట్టిది యొంటరిగా నింకను చాలదు.

ఉప్పుసంగతి విని యత్తగారు నవ్విరి. తుంటి తడవుకొనుచు, "నీ కోడలినాటికైన కుదిరెనా, దానికి ఒక్కగాయముతో పోవునే!" అనిరి.