ఖరీదైన కుదుపులు

థార్ కొన్నవాడు నంబరు ప్లేటు రాకముందే సస్పెన్షన్ మార్చాలని చూస్తాడు. జిమ్నీ కొన్నవాడు ఇంకా ముందే చూస్తాడు. నాలుగు స్ప్రింగులు, నాలుగు షాక్ అబ్జార్బర్లు, కొన్ని బుష్‌లు కలిపి కిట్ అంటారు. విదేశీ పేరున్న కిట్ లక్ష దాటడం మామూలు. పక్కన చిన్న సిలిండర్ తగిలించుకుని మెరిసే రకాలైతే కొన్ని లక్షలకు వెళతాయి. ఆ లక్షలు పెట్టినవాళ్ళెవరూ తేడా తెలియలేదని చెప్పరు. అంత డబ్బు పోసి బిగించుకున్న మనిషికి రోడ్డు మెత్తగానే తగులుతుంది. కాబట్టి వాళ్ళ మాట పక్కన పెట్టి, ఆ డబ్బు ఏ భాగంలోకి పోతుందో చూడటం మంచిది.

స్ప్రింగు బండి బరువును మోస్తుంది. గుంతలో పడ్డ చక్రాన్ని పైకి రానిస్తుంది, మళ్ళీ కిందికి నెడుతుంది. దాన్ని అలా వదిలేస్తే బండి ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపడం షాక్ పని. లోపల నూనె ఉంటుంది, నూనెలో పిస్టన్ ఉంటుంది, పిస్టన్‌కు సన్నటి రంధ్రాలు, వాటిమీద పల్చటి ఉక్కు రేకులు ఉంటాయి. నూనె వాటిగుండా బలవంతంగా దూరినప్పుడు ఊపులోని శక్తి వేడిగా మారుతుంది. షాక్ చేసేది ఇంతే: కుదుపును వేడిచేసి గాలిలోకి వదిలెయ్యడం. షాకుల ఖరీదులో పైమెట్లు చాలావరకు ఈ వేడి చుట్టూనే తిరుగుతాయి.

కంపెనీ బండితో వచ్చేది చాలావరకు రెండు గొట్టాల రకం. లోపలి గొట్టంలో పిస్టన్, బయటి గొట్టంలో మిగులు నూనె, దానిపైన కొంత వాయువు. ఎడతెగని దెబ్బల్లో నూనె, వాయువు కలిసిపోయి మజ్జిగ కవ్వం కింద లేచినట్టు నురగ లేస్తుంది. నురగను పిండితే నిరోధం రాదు. బండి తేలిపోతుంది. దీనికి విరుగుడు ఫ్రెంచి ఇంజనీరు క్రిస్టియన్ బోర్సియే ద కార్బన్ ఆలోచన: గొట్టం ఒక్కటే, నూనెకూ నైట్రోజన్‌కూ మధ్య జారే బిళ్ళ, వాయువు పీడనం పాతిక బార్ల దరిదాపుల్లో. జర్మనీలోని బిల్‌స్టైన్ దాన్ని తయారీకి తెచ్చింది. 1957లో మెర్సిడెస్ బెంజ్ కార్లలో వచ్చింది. ఒకే గొట్టం కనుక నూనె వేడి నేరుగా బయటి గాలికి తగులుతుంది. ఇంకో మెట్టు పైకెళ్తే పక్కన విడి సిలిండర్ వస్తుంది. మరింత నూనె, చల్లారడానికి మరింత లోహం. ఇంకా పైన బైపాస్ రకాలున్నాయి: పిస్టన్ మధ్యలో ఉన్నప్పుడు మెత్తగా, చివరికి పోయేకొద్దీ గట్టిగా ఉంటాయి. ఆస్ట్రేలియా బ్రాండ్ ఓల్డ్ మ్యాన్ ఈము అమ్మే బీపీ-51 ఈ జాతిదే. 51 అంటే పిస్టన్ వ్యాసం మిల్లీమీటర్లలో. ఫోర్డ్ 2010 మోడల్ రాప్టర్‌లో ఫాక్స్ వారి బైపాస్ షాకులను ఫ్యాక్టరీలోనే బిగించింది.

ఇవన్నీ నిజమైన ఇంజనీరింగే. ఎక్కడ పుట్టాయో గుర్తుంచుకుంటే చాలు. ఫాక్స్, కింగ్ లాంటివి కాలిఫోర్నియాలో పుట్టిన కంపెనీలు. వాటికి పక్కనే బాహా కాలిఫోర్నియా ఎడారి, 1967 నుంచి సాగుతున్న బాహా పందెం ఉన్నాయి. అక్కడ బండి గంటకు వంద మైళ్ళ వేగంతో ఇసుక దిబ్బల మీదుగా ఎగురుతుంది. ఆస్ట్రేలియా సమస్య వేరు: అక్కడి మట్టిరోడ్లు రేకుల షెడ్డు కప్పులా అలలు కడతాయి. డెర్బీ నుంచి కునునుర్రా దాకా సుమారు 660 కిలోమీటర్లు సాగే గిబ్ రివర్ రోడ్డు ఇందుకు ప్రసిద్ధి. ఒకప్పుడు పశువుల లారీల కోసం వేసినది. అలల మధ్య దూరం 70 సెంటీమీటర్లు, వేగం గంటకు 70 కిలోమీటర్లు అనుకుంటే చక్రానికి సెకనుకు ఇరవై ఎనిమిది దెబ్బలు. అలా గంటల తరబడి. (ఈ అలలు ఎందుకు కడతాయో 2007లో భౌతిక శాస్త్రవేత్తలు తిరిగే బల్లమీద ఇసుక పరచి, దానిపై చక్రం నడిపి చూశారు. ఒక వేగం దాటితే చాలు, అలలు వాటంతటవే కడతాయట.) అక్కడ మామూలు షాక్ మధ్యాహ్నానికి చేతులెత్తేస్తుంది. అక్కడ లక్షలు పెట్టినవాణ్ణి ఎవరూ తప్పుపట్టరు.

ఇక మన మారేడుమిల్లి అడవిలో బండి గంటకు పది, పదిహేను కిలోమీటర్లకు మించి పోదు. అనంతగిరి రాళ్ళదారిలోనూ అంతే. ఆ వేగంలో షాక్ నూనె గోరువెచ్చన కూడా కాదు. రాళ్ళ మీద నెమ్మదిగా ఎక్కేటప్పుడు కావలసింది కిందికి బాగా చాచుకునే చక్రం, నేలకంటని చక్రానికి శక్తి వృథా పోకుండా ఆపే డిఫరెన్షియల్ లాక్, నేలను పట్టే టైరు. పక్క సిలిండర్ అక్కడ అలంకారం. లదాఖ్, స్పితి ప్రయాణాలు కొంత నయం. అక్కడ దుమ్ముదారులు పొడుగ్గా ఉంటాయి. అయినా సామాను నింపుకుని గంటకు నలభైలో పోయే కుటుంబానికి బాహా పందెపు సరుకు అక్కరలేదు.

నిజానికి తెలుగు నేల మీద సస్పెన్షన్‌కు అతి పెద్ద శత్రువు అడవిలో లేదు, కాలనీలో ఉంది. స్పీడ్ బ్రేకర్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీనికో కొలత పెట్టింది: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, గుండ్రటి వీపు. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో హాయిగా దాటేలా. ఈ కొలతను చూసిన కాంట్రాక్టరు ఉన్నాడనడానికి ఆధారం రోడ్డు మీద కనబడదు. పండగకు ముందు రాత్రి మిగిలిన కాంక్రీటు పోసి, గమేళాతో పైన తట్టి, పెయింటు లేకుండా వదిలేసినవే ఎక్కువ. ఒకడి గుమ్మం ముందు ఒకటి, అది చూసి ఎదురింటివాడి గుమ్మం ముందు ఇంకొకటి. అడుగు వెడల్పులో అర అడుగు ఎత్తు. కొన్నిచోట్ల ఐదేసి చొప్పున వరసగా పరచిన పచ్చ ప్లాస్టిక్ గుబ్బలు. వాటి బోల్టులు ఊడిపోయి మేకులు మిగులుతాయి. వీటికి విరుగుడుగా మనుషులు మూడు లక్షలు పెట్టి షాకులు కొంటున్నారు. ఖర్చు గమేళావాడిది కాదు కాబట్టి లెక్క ఎవరికీ పట్టదు. అయితే ఇంత చిన్న, నిటారు దెబ్బను ఎంత ఖరీదైన షాకూ పూర్తిగా మింగలేదు. పిస్టన్ ఒక్కసారిగా వేగంగా కదలాల్సి వస్తుంది, గట్టి రేకులున్న ఖరీదు రకాల్లో కొన్ని అప్పుడు ఇంకా మొరటుగా తంతాయి. రెండు గొట్టాల పాత రకమే ఆ చోట మెత్తన.

బండిని పైకి లేపడం ఇంకో వ్యామోహం. నలభై, యాభై మిల్లీమీటర్ల లిఫ్టు అంటే బండి రాజసంగా కనబడుతుంది, అందులో సందేహం లేదు. జిమ్నీకి ముందూ వెనకా, థార్‌కు వెనకా ఉండేది ఒకే కడ్డీలాంటి యాక్సిల్. స్ప్రింగు పెంచితే బాడీ లేస్తుందేగానీ యాక్సిల్ లేవదు. దాని నడుమ గుండ్రంగా ఉబ్బిన డిఫరెన్షియల్, బండిలో నేలకు దగ్గరగా ఉండే భాగం, ఎక్కడిదక్కడే. దాన్ని లేపేది పెద్ద టైరు ఒక్కటే. లిఫ్టుతో వచ్చేవి వేరే: గరిమనాభి పైకి పోతుంది, యాక్సిల్‌ను అడ్డంగా పట్టుకునే కడ్డీ దాన్ని ఓ పక్కకు లాగుతుంది, స్టీరింగ్ తనంతట తాను నేరుగా తిరిగి వచ్చే గుణం తగ్గుతుంది. వాటిని సరిదిద్దే బుష్‌లు, కడ్డీలు మళ్ళీ విడిగా కొనాలి. అంటే బిల్లు రెండోసారి మొదలవుతుంది.

డబ్బు నిజంగా పనిచేసేది నడిమి మెట్టు మీద. ముందు ఇనుప బంపరు, విన్చి, పైన గుడారం, వెనక నీళ్ళ ట్యాంకు, ఫ్రిజ్ ఎప్పుడూ మోసే బండికి కంపెనీ స్ప్రింగు కుంగిపోతుంది. చక్రం పైకి కదలడానికి చోటుండదు, చిన్న గుంతకే రబ్బరు స్టాపర్ల మీద పడుతుంది. ఆ బరువుకు తగిన స్ప్రింగు, దానికి జతపడే షాక్ పెట్టించుకుంటే ప్రతి రూపాయీ కనబడుతుంది. అదే స్ప్రింగు ఖాళీ బండికి బిగిస్తే నడుములు విరుగుతాయి. కిట్ కొనేముందు బండిని సామానుతో సహా వేబ్రిడ్జి ఎక్కించి ముందు చక్రాల బరువు, వెనక చక్రాల బరువు విడివిడిగా తూయించాలి. దానికయ్యేది చిల్లర డబ్బే అయినా ఆ పని చేసేవాళ్ళు అరుదు.

ఇంకా చవక ఉపాయం టైర్లలో గాలి తగ్గించడం. 32 పీఎస్‌ఐ నుంచి 20కి దింపితే రాళ్ళదారిలో బండి స్వభావమే మారుతుంది. టైరు గోడ వంగి చిన్న రాళ్ళను తానే మింగుతుంది, నేలను పట్టే పాదం పొడుగవుతుంది, షాక్‌దాకా వచ్చే దెబ్బ తగ్గుతుంది. తారురోడ్డు ఎక్కగానే మళ్ళీ నింపుకోవడానికి బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్ కొన్ని వేలలో దొరుకుతుంది. దీన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోరు, గాలి తీసిన టైరు ఫొటోలో బాగుండదు మరి.

పాత జీపులకు ఇవేమీ లేవు. మహీంద్రా విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టిన నాటినుంచి దశాబ్దాలపాటు ఆ వంశానికంతటికీ కమాన్ కట్టలే, అంటే లీఫ్ స్ప్రింగులే. 2010 నాటి థార్‌కు కూడా వెనక అవే ఉండేవి. పాడేరు, చింతపల్లి వైపు సంతరోజున కమాండర్ జీపు లోపల ఎంతమందో పైన అంతమందిని, పైగా పసుపు బస్తాలను, కోళ్ళ బుట్టలను మోసేది. వెనక బంపరు మీద నిలబడ్డవాళ్ళు లెక్కలోకి రారు. కట్టలో ఒక పట్టీ విరిగితే ఆటోనగర్‌లో కొలిమి దగ్గర కొత్త పట్టీ వంచి, సెంటర్ బోల్టు బిగించి, సాయంత్రానికి పంపేవారు. పట్టీకి పట్టీ రాసుకునే రాపిడే సగం షాక్ పని చేసేది. ఖాళీగా ఉన్నప్పుడు ఆ జీపు మనిషిని కప్పుకేసి కొట్టేది నిజమే. కానీ అది ఖాళీగా ఉన్నదెప్పుడు? ఇరవై మంది ఎక్కాక అది పడవలా సాగేది, ఘాట్ మలుపులో డ్రైవరు బీడీ వెలిగించుకునేవాడు. బరువుకు తగ్గ స్ప్రింగు అన్న సూత్రాన్ని ఆ డ్రైవర్లు కిట్ లేకుండానే పాటించారు.

ఇప్పటి బండ్లు ఆ స్థాయి దాటాయి. 2020 థార్‌కు నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. 2022 స్కార్పియో-ఎన్‌లో, 2024 థార్ రాక్స్‌లో కంపనం వేగాన్ని బట్టి తమంతట తాము మెత్తబడే షాకులు వచ్చాయి. పదేళ్ళ కింద బయట కొనాల్సినది షోరూములోనే దొరుకుతోంది. ఇలాంటి బండిలో మొదటి షాకులు అరిగేదాకా ఆగడం తెలివి. అరిగాక అదే చోట ఒక మెట్టు మెరుగైనవి కొంటే పాతవాటి ఖరీదు ఎలాగూ పెట్టాల్సిందే కనుక, అదనపు భారం తేడా సొమ్ము ఒక్కటే.

ఖరీదు సరుకుకు సేవా ఖరీదే. పందెపు జాతి షాకులను నియమిత కాలానికి విప్పి సీళ్ళు, నూనె మార్చి, నైట్రోజన్ నింపాలి. ఆ పనిముట్లు, ఆ విడిభాగాలు చిన్న ఊళ్ళలో ఉండవు. ఒకే గొట్టం రకానికి ఇంకో బలహీనత ఉంది: పిస్టన్ బయటి గొట్టం గోడనే రాసుకుంటూ నడుస్తుంది కాబట్టి రాయి తగిలి గోడ సొట్టబోతే అక్కడే ఇరుక్కుంటుంది. రెండు గొట్టాల రకం ఆ సొట్టతో ఊరికి చేరుస్తుంది.

చట్టం కూడా ఓ మాట చెబుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన మూల వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే గట్టిగా చెప్పింది. ఎత్తు మారకుండా వేసిన షాక్ మీదికి ఎవరి కన్నూ పోదు. రెండంగుళాల లిఫ్టు మాత్రం ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు కంటికి మొదట ఆనుతుంది. వారంటీ సంగతీ అంతే. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కిట్‌కు ఇచ్చే విలువ తక్కువ, కొన్నిచోట్ల బేరం తగ్గించడానికి అదే సాకు. కాబట్టి విప్పిన అసలు స్ప్రింగులను, షాకులను గ్యారేజీవాడికి వదిలెయ్యకుండా తెచ్చి అటకెక్కించాలి; అమ్మేనాడు వాటిని తిరిగి బిగించి, కిట్‌ను విడిగా అమ్ముకుంటే పెట్టిన దాంట్లో కొంతైనా చేతికొస్తుంది.