ప్రింటరునకు సిరా నింపుట

మా తరగతి బాలబాలికలకు వారమున కొక ప్రశ్నపత్రము నిచ్చుట మా వాడుక. గైడులు కొనలేనివారికి అవియే గదా యాధారము! అచ్చువేయునది మా యింటి ఇంక్‌జెట్ ప్రింటరు. కొత్త కార్ట్రిజ్ వెలకు జడిసి పత్రములు తగ్గింప మనసొప్పక, సీసాలతో సిరా తెచ్చి యింటనే నింపుచున్నాము.

మా కార్ట్రిజ్ లోపల స్పాంజి యున్నది. సిరంజి సూది దింపి సిరాను చుక్కచుక్కగా విడువవలెను. తొందరపడినచో గాలి చిక్కుకొని, అక్షరముల నడుమ తెల్లగీతలు పడును. నల్లసిరాయందును రెండు తెగలు గలవు: నీట కరగిన డై యొకటి, కరగక సన్నని పొడిగా నుండు పిగ్మెంట్ మరియొకటి. ఒకదానికై చేసినదానిలో వేరొకటి పోయరాదు. వెంట్రుకకంటె సన్నములైన రంధ్రములు పూడిపోవచ్చును.

నింపిన పిదపను మా యంత్రము "సిరా లేదు" అనుచునే యుండును. అది లోపల చూచి చెప్పు మాట కాదు, చిమ్మిన చుక్కలను లెక్కించి చెప్పు మాట. మేము దానిని లక్ష్యపెట్టక, అచ్చైన కాగితమునే నమ్ముదుము.

1977లో జపానునందలి కేనన్ సంస్థలో, టంకము పెట్టు వేడికడ్డీ సిరంజి సూదికి తగిలి సిరా చిమ్మెనట. వేడిచే సిరాను చిమ్మించు వారి విధానము అందుండియే పుట్టినది. నేడు మా చేతనున్నదియు సిరంజియే!

వ్రేళ్లకంటిన నలుపు రెండుదినములు వదలదు. సోమవారము పిల్లలు మా చేయి చూచియే, "పరీక్ష యున్నదా, మాస్టారూ?" అని యడుగుదురు.