టిక్కెట్టు మీద కనిపించని ఖర్చు

విమానయానం ఒకప్పుడు సంపన్నులకే పరిమితమైన భోగంగా ఉండేది. 2003లో ఎయిర్ డెక్కన్ సంస్థ చవక విమానాలు నడపనారంభించిన తరువాత ఆ భావన క్రమంగా మారినది. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుండి శంషాబాదుకు తరలిన పిమ్మట మా ప్రాంతపు పల్లెలవారికి విమానం మరింత చేరువైనది. ఆ సులభత వెనుక దాగిన లెక్క మాత్రం మాకు చాలా ఆలస్యంగా తెలియవచ్చినది.

మా స్వగ్రామం దొంతన్‌పల్లి. మా తమ్ముడు రియాద్ నగరంలో డ్రైవరు. సెలవు ముగించుకొని తిరిగి వెళ్ళుటకు టిక్కెట్టు కొనవలసి వచ్చినప్పుడు మా ముందు రెండు ధరలు నిలిచినవి. ఒకదానిలో 30 కిలోల సామానుకు అనుమతి. మరొకదానిలో 20 కిలోలకే. రెండవది 2,500 రూపాయలు తక్కువ. చదువుకున్నవారమన్న ధీమాతో తక్కువ ధర టిక్కెట్టునే మేము ఎన్నుకొన్నాము. షరతులు చదివే ఓపిక మాకు లేకపోయినది.

గల్ఫుకు పోయేవాని పెట్టె అతనిది మాత్రమే కాదని మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. పొరుగింటి అవ్వ కుమారుడు కూడా ఆ ఊరిలోనే కూలి చేసుకొంటున్నాడు. ఆమె అతనికై మామిడికాయ పచ్చడి, సకినాలు మూటగట్టి తెచ్చినది. మా అమ్మ కూడా తన కొడుకు కోసం పచ్చళ్ళు, కారప్పొడి, జొన్నపిండి, ఒక కుట్టుబొంత సిద్ధం చేసినది. ఇంట్లో తూకం లేదు. చేతితో ఎత్తి చూచి సరిపోతుందని తీర్మానించుకొన్నాము.

విమానాశ్రయంలో కాటా ముల్లు మా తీర్మానాన్ని అంగీకరించలేదు. 7 కిలోలు అధికం. కిలోకు 600 చొప్పున 4,200 రూపాయలు చెల్లింపవలెనని కౌంటరులోని ఉద్యోగి మర్యాదగానే చెప్పినాడు. ముందుగా కొనివుంటే తక్కువకు వచ్చేదని కూడా అన్నాడు. ఆదా చేసినామనుకొన్న 2,500 పోగా 1,700 నష్టం! వెనుక వరుస పెరుగుతున్నది. తమ్ముడు పెట్టె తెరచి అమ్మ ఇచ్చిన మూటలను ఒక్కొక్కటిగా బయటకు తీసినాడు. అవ్వ మూటను తాకలేదు. ఆ మూటలను గేటు బయట నిలిచివున్న మా చేతికందించి, “అన్నా, అవ్వది అమానత్. మనది ఇంటికి తీసుకపో” అన్నాడు. మాకు మాట రాలేదు.

ఈ రుసుము అన్యాయమా? తొందరపడి అట్లు అనజాలము. బరువు పెరిగినకొలది విమానం ఇంధనాన్ని ఎక్కువగా దహిస్తుంది. అధిక బరువుకు అధిక ధర అన్న సూత్రంలో తర్కమున్నది. అయితే పూర్వం టిక్కెట్టులోనే ఇమిడివుండే సేవలు నేడు విడివిడిగా అమ్ముడవుతున్నవి. 2008లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ స్వదేశీ ప్రయాణికుల మొదటి పెట్టెకే 15 డాలర్లు వసూలు చేయుట ప్రారంభించినది. మన దేశంలో 2013లో సీటు ఎంపిక, భోజనం వంటి సేవలకు వేరుగా రుసుము తీసుకొనుటకు విమానయాన నియంత్రణ శాఖ అనుమతించినది. దేశీయ ప్రయాణాలలో 15 కిలోలు దాటి 20 కిలోల వరకు కిలోకు 100 రూపాయలకు మించరాదని అదే శాఖ 2016లో ఆదేశించగా, 2017లో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసినది. 2021లో సామాను లేనివారికి తక్కువ ధరకు టిక్కెట్టు అమ్ముటకూ అనుమతి లభించినది. చేతిసంచితో పోయేవానికి ఇది లాభమే. కాని సంవత్సరాల తరబడి ఇంటికి దూరమై, ఇంటినే పెట్టెలో మోసుకొనిపోయేవానికి?

మన రైలులో స్లీపరు తరగతి ప్రయాణికుడు 40 కిలోలు ఉచితంగా తీసుకొనిపోవచ్చును. రైలుకు, విమానానికి పోలిక కుదరదని మాకు తెలియును. అయినను పేదవానికి ప్రయాణమంటే శరీరం ఒకచోటి నుండి మరొకచోటికి చేరుట మాత్రమే కాదు. టిక్కెట్టు ధర శరీరానికి సంబంధించినది. ప్రయాణపు ధరలో పెట్టె, భోజనం, విమానాశ్రయానికి పోయే కారు కిరాయి, చివరకు విడిచిపెట్టవలసి వచ్చిన మూట కూడా చేరును.

ఇంటికి వచ్చి మూటలు అమ్మ ముందుంచినాము. ఆమె కొంతసేపు బొంతను సవరిస్తూ కూర్చున్నది. పిదప, “మంచి పనే చేసిండు. అవ్వ కొడుకు మూడేండ్ల నుంచి ఇంటి తిండి ఎరుగడు. మనది మళ్ళ పంపుకుందం” అన్నది. మా పొదుపునకు మూల్యం చెల్లించినది తమ్ముడు, అమ్మ. మేము కాదు.

విద్యార్థులారా, మీలో పలువురు రేపు ఉన్నత విద్యకో, ఉద్యోగానికో విమానమెక్కుదురు. టిక్కెట్టు కొనుటకు ముందు షరతులు చదువుడు. ఇంట్లోనే సామాను తూచుకొనుడు. అన్ని ఖర్చులూ కూడిన పిమ్మటనే ఏది చవకయో నిర్ణయించుడు. ఇది చిన్న విద్యయే. దానిని నేర్వనందున మా ఇంట ఒక బొంత నేటికీ అటకమీద ఉన్నది.