నడుస్తోంది కానీ పలకడం లేదు

గుడిలో నా సేవ రెండు రకాలు. శనివారం పొద్దున ప్రసాదం పొట్లాలు కట్టడం, మిగతా రోజుల్లో గుడి కంప్యూటరు చూసుకోవడం. నా చదువంతా ఇంగ్లీషు మీడియం. ఈ రెండో పని గురించి తెలుగులో రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే చెప్పండి.

అర్చన టికెట్ల పేజీ త్వరగా తెరుచుకోవడానికి రెడిస్ వాడతాం. ఇటలీకి చెందిన సాల్వతోరె శాన్‌ఫిలిప్పో 2009లో విడుదల చేసిన ప్రోగ్రామ్ ఇది. అందరూ ఎక్కువగా అడిగే సమాచారాన్ని మెమరీలో దగ్గర పెట్టుకుంటుంది, పొయ్యి పక్కన పోపుల డబ్బాలాగా. మాది డాకర్ కంటైనర్‌లో ఉంటుంది.

పోయిన వైకుంఠ ఏకాదశికి ముందురోజు పేజీ కదలలేదు. ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "బాబూ, రేపు మా వారికి ఆపరేషన్. అర్చన టికెట్ వచ్చిందో లేదో తెలియట్లేదు." పేరు, గోత్రం కాగితం మీద రాసుకుని పూజారిగారికి ఇచ్చాను. తర్వాత డాకర్ చూస్తే "నడుస్తోంది" అంటోంది! మెమరీ నిండిపోయి రెడిస్ ఎవరికీ జవాబు ఇవ్వడం లేదు. మనిషి కుర్చీలో కూర్చునే ఉన్నాడు, పిలిస్తే పలకడు. అలా అన్నమాట.

దీనికి మందు డాకర్‌లోనే ఉంది. 2016లో 1.12 వెర్షన్‌తో వచ్చిన హెల్త్‌చెక్. రెడిస్‌ని "పింగ్" అని పిలవాలి, అది "పాంగ్" అనాలి. మనం ఏమీ మార్చకపోతే 30 సెకన్లకోసారి పిలుస్తుంది. వరసగా 3 సార్లు పలకకపోతే "బాగాలేదు" అని రాస్తుంది. జవాబు కోసం కూడా 30 సెకన్లు ఆగుతుంది. అది మరీ ఎక్కువ, మేం 3 పెట్టాం.

ఒక చిక్కు ఉంది. రెడిస్‌కి పాస్‌వర్డ్ పెట్టి, చెక్‌లో అది ఇవ్వకపోతే, "ముందు లాగిన్ అవ్వు" అనే జవాబు వస్తుంది. ఏదో ఒక జవాబు వచ్చింది కదా అని చెక్ పాసైపోవచ్చు. అందుకే జవాబులో "పాంగ్" అనే మాట ఉందో లేదో వెతకాలి.

మాతో పనిచేసే కుర్రాడు "అంకుల్, డేటాబేస్ కూడా ఇందులోనే చెక్ చేద్దామండీ" అన్నాడు. వద్దన్నాను. అక్కడ జ్వరం వస్తే ఇక్కడ మాత్ర వేసినట్టు అవుతుంది.

ఇంకోటి, మామూలు డాకర్ "బాగాలేదు" అని రాసి ఊరుకుంటుంది, తనంతట తాను మళ్ళీ మొదలుపెట్టదు. అందుకని ఫోన్‌కి మెసేజ్ వచ్చేట్టు చేశాం. అది నాకే వస్తుంది. కుర్రాడికి పొద్దున ఆఫీసు, నేనెలాగూ నాలుగింటికే లేస్తాను.