మండువాకు నిప్పు

మా ఊళ్లో ఇల్లు తగలబడిపోయిందని మనవరాలు ఫోనులో వెక్కివెక్కి ఏడుస్తూ చెప్పేసరికి నా గుండె గుభేలుమంది. తరవాత జ్ఞాపకం వచ్చింది, ఆ ఇల్లు మేము అమ్మేసి అప్పుడే అయిదేళ్లు దాటింది. కొన్నాయన దాన్ని పడగొట్టి, ఆ స్థలంలో మూడంతస్తుల మేడ లేవదీశాడు కూడాను. మరి తగలబడిందేమిటి?

మొదటినుంచీ చెబితేగాని మీకు అర్థం కాదు.

నాకు ముగ్గురు మనవలు. పెద్దమ్మాయి కొడుకు డల్లాసులో, అబ్బాయి కూతురు మెల్బోర్నులో, చిన్నమ్మాయి కొడుకు హైదరాబాదులో వున్నారు. ముగ్గురూ ఒకచోట కలిసి కూర్చుని అన్నం తిన్నది రెండుసార్లే. అయినా వారానికోసారి కలుసుకుంటారు. ఇక్కడ ఆదివారం ఉదయం ఆరున్నర అయితే, డల్లాసులో శనివారం రాత్రి ఎనిమిది, మెల్బోర్నులో పగలు పదకొండు. ఆ వేళకి ముగ్గురూ మైన్‌క్రాఫ్ట్ అనే ఆటలో దిగుతారు. ఆ ఆటలో సర్వమూ గళ్లే. మన్నూ గడే, రాయీ గడే, చెట్టూ గడే. ఒక్కొక్క గడి మీటరు పొడవూ, వెడల్పూ, ఎత్తూ. తవ్వుకోవడం, పేర్చుకోవడం, కట్టుకోవడం. 2011లో పూర్తి రూపంలో విడుదలయిందట. దాన్ని తయారుచేసిన స్వీడను కంపెనీని 2014లో మైక్రోసాఫ్టువారు రెండున్నర బిలియన్ల డాలర్లు పోసి కొన్నారంటే, "గళ్లు పేర్చుకునే ఆటకి అంత సొమ్మా!" అని నోరు వెళ్లబెట్టాను.

నెలకింత అని చందా కడితే, మనవాళ్లకి మాత్రమే అని ఒక ప్రత్యేక లోకం ఇస్తారు. దాని పేరు రెల్మ్. యజమాని కాక మరో పదిమంది ఒకేసారి అందులో తిరగవచ్చు. పిలుపు వున్నవాడికే ప్రవేశం. మావాళ్లు ఆ లోకంలో ఏం కడుతున్నారయ్యా అంటే, అమ్మేసిన మా మండువా లోగిలి!

ఇక నా అవసరం పడింది. "తాతయ్యా, వీధరుగు ఎంత పొడుగు? స్తంభాలెన్ని? బావి ఏ మూల?" అని ఒకటే ప్రశ్నలు. నేను అడుగుల్లో చెబితే డల్లాసువాడు మీటర్లలోకి మార్చేవాడు. ఆ లోకంలో పెంకులు లేవు. ఇటుక మెట్లని వరసగా వాలుగా పేరిస్తే, దూరంనించి అచ్చం పెంకుటిల్లే! తులసికోట సంగతి మరీ తమాషా. తులసి లేదు గనక చిన్న మొక్కేదో నాటారు. మరుసటి వారం చూస్తే అది కాస్తా మహావృక్షమై మండువా మీదుగా ఇంటి కప్పుకి ఎక్కింది. కుండీలో పెట్టిన మొక్క ఎదగదని కనిపెట్టి, ఆనక కుండీ పెట్టారు. ఇంత ఇంజనీరింగు నేను ఉద్యోగం చేసిన ముప్ఫైరెండేళ్లలోనూ చూడలేదు.

నేను కూడా పలకలాంటి ఆ టాబ్లెట్‌లో చూడాలని పిల్లలు నాకో లింకు పంపారు. అది నొక్కినవాడు నేరుగా మా వీధరుగు మీద వాలతాడన్నమాట. "ఎవరికీ ఇవ్వకు తాతయ్యా" అని కూడా చెప్పారు. నేను విన్నాను. విన్నాననే నా అభిప్రాయం.

మా ఎదురింటాయనా నేనూ పొద్దున్నే కలిసి నడుస్తాం. ఒకరోజు గొప్పకి పోయి ఆయనతో ఈ ఇంటి సంగతంతా చెప్పాను. "మావాడికీ ఆ ఆటంటే ప్రాణమండీ. కాస్త వాడినీ చేర్చుకోమనండి" అన్నాడాయన. లేదని ఎలా అనడం? ఆయన మా ఆవిడ ఆస్పత్రిలో వున్నప్పుడు పదకొండు రోజులు కారు తిప్పినవాడు. పిల్లల్ని అడిగి చెబుతానన్నా సరిపోయేది. ఆ మాట నోటికి రాలేదు. లింకు అక్కడికక్కడే ఆయన ఫోనుకి పంపేశాను.

ఆ కుర్రవాడు ఇంకో ఇద్దరికి ఇచ్చాడు. ఆ ఇద్దరూ ఎవరో, ఏ ఊరివాళ్లో దేవుడికెరుక. గురువారం రాత్రి వచ్చి, కప్పు మీద లావా పోశారు. లావా అంటే కరిగిన అగ్గి. దూలాలన్నీ కొయ్యవి గనక ఒకదాన్నించి ఒకటి అంటుకుని మండువా బూడిదయింది. మిగిలిన గోడలకి మందుగుండు పెట్టి పేల్చారు. బావిని పూడ్చారు.

ఇలాంటివాళ్లని గ్రీఫర్లంటారట. అంటే ఎదుటివాడికి దుఃఖం కలిగించడమే ఆటగా ఆడేవాడు. మా చిన్నతనంలో గడ్డివాములకి రాత్రిళ్లు నిప్పుపెట్టి పోయేవాళ్లుండేవారు. ఒక్క పరక పట్టుకెళ్లేవాళ్లు కారు. ఆ జాతే ఇదీ. కొత్త విద్యేమీ కాదు. 1986లో అమెరికాలో లూకాస్‌ఫిల్ము వారు హాబిటాట్ అని, కంప్యూటర్లని ఫోను తీగలతో కలిపి ఆడే ఒక ఊరు పెట్టారు. అందులోనే దొంగతనాలూ, ఒకరినొకరు కాల్చుకోవడాలూ మొదలయ్యాయి. హత్య నేరం అవునా కాదా అని ఆడేవాళ్లచేత ఓట్లు వేయిస్తే చెరిసగం అయ్యారట! పోలీసును మాత్రం ఎన్నుకున్నారు.

మావాళ్లకి పోలీసు లేడు. హైదరాబాదువాడికి పదమూడేళ్లు. వాడే పెద్దమనిషయ్యాడు. సభ్యుల జాబితా తీసి కొత్త పేర్లు మూడూ తొలగించాడు. పాత లింకు రద్దుచేశాడు. ఆ కొత్తవాళ్లలో ఒకడు "ఏడ్చారా?" అని నవ్వులు చేర్చి ఒక సందేశం పంపాడు. మెల్బోర్ను పిల్ల నాలుగు తిట్లు రాసి సిద్ధంగా పెట్టుకుంది. "వద్దు. వాడు కాల్చింది ఇంటికోసం కాదు, ఈ జవాబుకోసమే" అని డల్లాసువాడు ఆపాడు. ఎవరూ జవాబివ్వలేదు. రెండు రోజులకి వాడి కబుర్లు వాటంతటవే ఆగిపోయాయి.

ఇదంతా జరుగుతూండగా నేను నోరు మెదపలేదు. వాళ్లు ఒకరినొకరు అనుమానించుకునేదాకా వచ్చింది వ్యవహారం. "నువ్వే మీ స్కూలువాళ్లకి ఇచ్చివుంటావు" అని పిల్ల హైదరాబాదువాణ్ణి నిలేసింది. వాడు ముఖం ఎర్రగా చేసుకుని ఆటలోంచి లేచిపోయాడు. అప్పటికి గాని నాకు సిగ్గు రాలేదు. అందరినీ మళ్లీ పిలిపించి, "ఇచ్చింది నేనురా" అన్నాను.

ముగ్గురూ ఏమీ అనలేదు. తిట్టివుంటే బాగుండేది.

ఆ లోకానికి ఎప్పటికప్పుడు నకళ్లు దాచిపెట్టే ఏర్పాటుంది. పాత నకలు తెస్తే ఇల్లు మళ్లీ లేచి నిలబడింది. అయితే ఆ నకలు తరవాత కట్టినదంతా పోయింది. పోయినదేమిటంటే, మా ఆవిడ వంటిల్లు. పిల్ల ఒక్కతే కూర్చుని రెండు సాయంత్రాలు కట్టింది. మా ఆవిడ పోయి మూడేళ్లయింది. ఆ పిల్లకి ఆవిడ చేతివంట ఒక్క వేసవి సెలవులకే దక్కింది.

వారం రోజులు పిల్ల నాతో మాట్లాడలేదు. ఆదివారం ఉదయం ఫోను మోగింది. పలకరింపేమీ లేదు. "తాతయ్యా, నాన్నమ్మ పొయ్యి ఏ పక్క?" అంది.

మళ్లీ మొదలుపెట్టాం. దీపపు గూడు పొయ్యికి ఎడమపక్కన వుందన్నాను. "మొన్న కుడిపక్కన్నావు" అంది. కళ్లు మూసుకుని ఆలోచించాను. కుడిపక్కే. మొదటిసారి మరిచిపోయిన రుబ్బురోలు కూడా ఈసారి జ్ఞాపకం వచ్చింది. కిటికీ కింద, నేలలోకి పాతి వుండేది.

ఈసారి ఏర్పాట్లు గట్టివి. మంట ఒక గడినించి ఇంకో గడికి పాకకుండా, మందుగుండు పేలకుండా ఆట సెట్టింగుల్లోనే మార్చేశారు. కొత్తగా ఎవరొచ్చినా ముందు సందర్శకుడే. తిరిగి చూడవచ్చుగాని ఇటుక కదపలేడు, తలుపు కూడా తీయలేడు.

నెల తిరక్కుండా ఎదురింటాయన నడకలో అన్నాడు: "మావాడు ఆ ఆటలోకి మళ్లీ వస్తానంటున్నాడండీ. వాళ్లు అలా చేస్తారని వాడికి తెలీదట. ఆ లింకేదో ఇంకోసారి..."

"పిల్లల్నడిగి చెబుతానండీ" అన్నాను. చెమటలు పట్టాయి. ఆయన ముఖం చిన్నబోయింది. మర్నాడు ఆయన నాకోసం ఆగకుండా ముందే నడిచి వెళ్లిపోయాడు.

పిల్లల్నడిగాను. అరగంట వాదించుకున్నారు. చివరికి, సందర్శకుడుగా రమ్మన్నారు.

ఆదివారం వచ్చాడు. మండువాలో తులసికోట దగ్గర కాసేపు నుంచున్నాడు. ఏమీ ముట్టుకోలేడు గదా. వంటింటి గుమ్మందాకా వెళ్లి, లోపలికి తొంగిచూసి వెళ్లిపోయాడు.

"తలుపు తీయలేడన్నారుగా, లోపలికెలా వచ్చాడే?" అన్నాను పిల్లతో.

"వీధి తలుపు నేనే తీసివుంచాను తాతయ్యా" అంది.