లండన్‌లో కనిపించిన దీపాలదిన్నె

2010 ఫిబ్రవరిలో ఒక శనివారం. లండన్‌లో పొద్దుటి నుంచీ ముసురు. రాజనీతిశాస్త్రంలో పీజీ చేస్తున్న మాకు ప్రొఫెసర్ ఒక పని అప్పజెప్పారు. మ్యూజియానికి వెళ్లి ఒక ప్రాచీన శిల్పాన్ని ఎంచుకోవాలి. దాని మీద హక్కు ఎవరిదో వ్యాసం రాయాలి.

బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. నెలాఖరు విద్యార్థికి అంతకు మించి ఏం కావాలి? నాతో ఏథెన్స్ నుంచి వచ్చిన సహాధ్యాయిని ఉంది. తను నేరుగా పార్థెనాన్ శిల్పాల హాల్లోకి నడిచింది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో లార్డ్ ఎల్గిన్ మనుషులు ఏథెన్స్ కొండ మీది గుడి నుంచి ఊడదీసి ఓడలకెక్కించిన పాలరాతి శిల్పాలవి. 1816లో బ్రిటన్ పార్లమెంటు వాటిని 35,000 పౌండ్లకు కొనిపించి మ్యూజియంలో పెట్టించింది. నేను నోట్సు రాసుకుంటుంటే తను ఊరికే చూస్తూ నిలబడింది. "చిన్నప్పుడు బడి నుంచి మమ్మల్ని ఆ కొండకు తీసుకెళ్లేవారు. అక్కడ ఏది ఎక్కడ లేదో కళ్లు మూసుకుని చెప్పగలను" అంది.

నా శిల్పం ఇంకో హాల్లో, గాజు గోడల వెనుక ఉంది. గోడ మీద 'అమరావతి' అన్న పేరు చూడగానే ఒళ్లు పులకరించింది. పల్నాటి సున్నపురాతి మీద ఏనుగులు, నాగులు, పద్మాలు, జనం. ఒక పలకకైతే రెండు వైపులా చెక్కడాలే. ఒకవైపు క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు పని. బోధివృక్షం కింద ఖాళీ ఆసనం. అప్పటికి బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపడం లేదు. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, రెండో వైపు మహాస్తూపాన్నే చెక్కారు. వాకిట్లో బుద్ధుడు నిలబడి ఉన్నాడు. స్తూపం ఎలా ఉండేదో స్తూపపు రాయే చెబుతోంది.

"ఇవి మా జిల్లావి. మా గుంటూరు నుంచి గంట ప్రయాణం" అన్నాను, గర్వం దాచుకోకుండా.

"అక్కడ ఇప్పుడేముంది?" అని అడిగింది.

జవాబు తట్టలేదు. అమరావతికి నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ప్రతి శివరాత్రికీ నాన్నతో వెళ్లి కృష్ణలో మునిగి, అమరేశ్వరుడి దర్శనం చేసుకుని, బస్సెక్కి వచ్చేసేవాళ్లం. ఊళ్లో దీపాలదిన్నె అనే దిబ్బ ఉందని తెలుసు. అటు వెళ్లలేదు. మమ్మల్ని తీసుకెళ్లినవాళ్లూ లేరు.

మధ్యాహ్నం హోబర్న్‌లో రైలెక్కి సౌత్ కెన్సింగ్టన్ చేరాం. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో నకళ్ల హాలు ఉంది. రోమ్ నగరంలోని ట్రేజన్ స్తంభానికి పోతపోసిన నకలు అక్కడ రెండు ముక్కలుగా నిలబడి ఉంది. ఒకటిగా నిలబెడితే కప్పు సరిపోదు. 1869-70లో సాంచీ తూర్పు తోరణానికీ ఇలాగే అచ్చులు తీసి లండన్‌కు తెచ్చి ప్రదర్శించారు. తోరణం మాత్రం సాంచీలోనే ఉండిపోయింది. మరి అమరావతికి ఆ అదృష్టం ఎందుకు దక్కలేదు?

వ్యాసం కోసం చదువుతుంటే కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తేలలేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త రాజధాని కట్టుకుంటూ ఆ దిబ్బను తవ్వించాడు. సున్నపురాయి కావడమే ఆ శిల్పాలకు శాపమైంది. కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్ని కాలి సున్నమయ్యాయి. 1797లో వచ్చి చూసిన మెకంజీ, మన కైఫీయతుల మెకంజీయే, 1816లో మళ్లీ వచ్చేసరికి చాలా భాగం లేదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి తీసిన రాళ్లు మద్రాసులో ఏళ్ల తరబడి ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో సుమారు 120 శిల్పాలు లండన్‌కు ఓడెక్కాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. పోగొట్టింది మనమూ, పట్టుకుపోయింది వాళ్లూ. అయితే మన నిర్లక్ష్యం వాళ్లకు హక్కుపత్రం కాదు. వ్యాసం చివర అదే రాశాను.

నా సహాధ్యాయిని వ్యాసం నాకంటే బాగుంది. 2009లో ఏథెన్స్‌లో తెరిచిన అక్రోపోలిస్ మ్యూజియం గురించి రాసింది. అక్కడ మిగిలిన అసలు శిల్పాల పక్కనే, విదేశాల్లో ఉన్నవాటి స్థానంలో తెల్లటి నకళ్లు పెట్టారు. లేనిదేమిటో చూసేవాడికి తెలిసిపోతుంది. తిరిగి ఇమ్మని అడిగే ముందు వాళ్లు చోటు సిద్ధం చేసుకున్నారు. నేను ఇమ్మని రాశానే తప్ప, ఆ రాళ్లు ఏ నేల నుంచి వెళ్లాయో చూడలేదు.

ఇంటికొచ్చాక వెంటనే వెళ్లానా అంటే, లేదు. ఉద్యోగం, ఊళ్లు తిరగడం. 2015 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ కొత్త రాజధానికి శంకుస్థాపన జరిగినప్పుడు ఆ వార్త రాయడానికి వెళ్లాను. రాజధానికి పెట్టిన పేరు అమరావతి. మర్నాడు నాన్నను వెంటబెట్టుకుని దీపాలదిన్నెకు వెళ్లాను. గడ్డి, ఇటుకల వలయం, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతి పలకలు. అంతే.

రెండు వైపులా చెక్కిన పలక ఫొటోను సెల్‌ఫోన్‌లో చూపించాను. నాన్న కళ్లద్దాలు సవరించుకుని ఫొటో వంకా, దిబ్బ వంకా మార్చి మార్చి చూశారు. చాలాసేపటికి, "ఇన్ని శివరాత్రులు వచ్చాం. ఇటు నాలుగడుగులు ఎందుకు వేయలేదురా?" అన్నారు.

ఆ ప్రశ్న కూడా వ్యాసంలో రాయాల్సింది.