మేని మచ్చలు

ప్రాతఃకాల ప్రార్థనకై మన బాలికలందఱు వరుసలు దీరి నిలుచునపుడు చూచినచో రెండు ముఖము లొక్క రంగున నుండవు. ఒక్క ముఖములోనే నొసటి రంగు వేఱు, చెక్కిలి రంగు వేఱు. ముంజేయి నల్లనై, చొక్కాచేతి మాటుననున్న భాగము పసిమిగా నుండును. ఇది లోపము కాదు. చర్మపు పైపొర యడుగున మెలనిన్ అను రంగుపదార్థమును తయారుచేయు కణములు గలవు. తెల్లజాతులవారి మేనియందును మన మేనియందును ఆ కణముల సంఖ్య యించుమించు సమానమే. అవి చేయు రంగు మాత్రమే హెచ్చుతగ్గు. ఎండ తగిలినచో నవి యెక్కువ రంగును చేసి, చర్మకణములకు గొడుగు పట్టినట్లు కాపాడును. అయినను "చామనఛాయ" యను మాటను పెండ్లిమాటలలో తగ్గుస్వరముతో పలుకుట మేమందఱము విన్నదే.

వసతిగృహమున నున్న పదవ తరగతి బాలికలమగు మేము ఈ యేడు ఆరోగ్యసంఘపు పనిని జూచుచున్నాము. మిషను ఆసుపత్రి నర్సమ్మగారు నెలకొకసారి వచ్చి, పిల్లల చర్మములను మాకు జూపి నేర్పుచున్నారు. అట్లు తెలిసినదానిని వ్రాయుచున్నాము.

మొదట మెడ. కొందఱు చెల్లెండ్రకు మెడవెనుక నల్లగా, మందముగా, ముఖమలు గుడ్డవలె నుండును. మురికి యని తలచి తల్లులు పీచుతో రుద్దుదురు. పాపము, ఆ పిల్లలు కన్నీరు గార్తురు. ఎంత రుద్దినను పోదు, రాపిడివలన మఱింత నలుపెక్కును. ఒంటిలోని ఇన్సులిన్ సరిగా పనిచేయకుండుటయే తఱచుగా దానికి మూలము. కావున పీచును విడిచి, తీపిపానీయములు తగ్గించి, పిల్లను ఆటస్థలమునకు పంపి, డాక్టరుగారికి జూపవలెను. చిన్నపిల్లల చెక్కిళ్లపై పాలిపోయిన మచ్చలు నులిపురుగులవలన వచ్చునని అవ్వలు చెప్పుదురు. అవి తఱచుగా పొడిచర్మపు మచ్చలే. నూనె రాచుచుండగా కొన్ని మాసములకు తామే సర్దుకొనును. శోభి వేఱు. చెమటకు బలియు బూజువంటి సూక్ష్మజీవి దానిని కలిగించును. మందునకు లొంగును గాని, ఆ జీవి చచ్చినను రంగు తిరిగి వచ్చుటకు వారములు, ఒక్కొకప్పుడు మాసములు పట్టును. ఇది తెలియక పలువురు మందు పనిచేయలేదని విసిగి మానుదురు.

మమ్ము మిక్కిలి కలతపెట్టినది క్రీము ట్యూబుల సంగతి. పెద్దతరగతి బాలిక యొకతె మొటిమల మచ్చలు పోవుటకై తన యక్క వాడుచున్న ట్యూబును తెచ్చుకొని రాచుకొనెను. పదిదినములలో ముఖము తెల్లబడెను. గదిలోనివారందఱు దాని పేరడిగిరి. మూడు మాసములకు చర్మము పలుచబడి, ఎఱ్ఱని సన్ననరములు తేలి, మొటిమలు ముమ్మరించెను. మానినచో మంట, రాచినచో నెమ్మది. నర్సమ్మగారు ట్యూబు వెనుకనున్న సన్నని యక్షరములను మాచేత చదివించిరి. మొమెటసోన్ అని యుండెను. అది స్టెరాయిడు, దురదవ్యాధులకు వైద్యుడు కొలదిదినములు మాత్రమే వాడుమను మందు. ఇట్టి లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో ప్రభుత్వమువారు కట్టడి చేసిరి. చీటీ చూపకయే ఆ యక్కకది దొరకినది. ఊరుపేరులేని కొన్ని క్రీములలో పాదరసము గూడ నుండును; అది మూత్రపిండములకు చేటు. తల్లిదండ్రులు మన్నింతురుగాక, ఆ ట్యూబును మొదట కొనినది పెండ్లిచూపులకై. ఈ బాలిక ముఖము కుదుటబడుటకు దాదాపు ఒక సంవత్సరము పట్టినది.

తల్లుల చెక్కిళ్లపై వచ్చు మంగునకు గర్భధారణము, ఎండ, వంశము కారణములు. మందులు లేకపోలేదు, అజెలాయిక్ ఆమ్లము గలదు, వైద్యుని కనుసన్నలలో కొన్ని మాసములు మాత్రమే వాడదగిన హైడ్రోక్వినోను గలదు. కాని ఎండనుండి కాపాడుకొననిచో నేదియు నిలువదు. గొడుగు మేలు, 30కి తక్కువగాని సన్‌స్క్రీను మేలు. నిమ్మరసము రాచుకొని ఎండలోనికి పోవుట మాత్రము తగదు; అది ఎండతో గలసి చర్మమును గాల్చి క్రొత్త మచ్చలు పెట్టును.

బొల్లి అంటువ్యాధి కాదు, పాపఫలము కాదు, చేప తిని పాలు త్రాగుటవలన వచ్చునదియు గాదు. శరీరమును రక్షింపవలసిన బలమే రంగుకణములను శత్రువులనుకొని నశింపజేయును. పూర్వులు బావంచాలు రాచి ఎండలో గూర్చుండబెట్టెడివారు. ఆ గింజలలోని సొరాలెన్ అను పదార్థమును వైద్యులును గ్రహించి వాడిరి. మోతాదు మించినచో బొబ్బలెక్కును. ఇప్పుడు కొలతప్రకారము అతినీలలోహిత కాంతి నిచ్చు దీపములు గలవు.

పాలిపోయి, తాకినను తెలియని మచ్చ వీనిలో దేనికిని చెందదు. కుష్ఠునకు కారణమగు సూక్ష్మజీవిని 1873లో నార్వేదేశపు హాన్సెన్ కనుగొనెను. 1915లో నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసానిగారు ఆసుపత్రి నెలకొల్పిననాడు చాల్‌మూగ్రా నూనెయే దిక్కు. 1981లో ప్రపంచారోగ్యసంస్థ నిర్ణయించిన మందుల కలయిక ఆరు మాసములలోనో పండ్రెండు మాసములలోనో దానిని నయముచేయును. సర్కారు ఆసుపత్రులలో ఉచితము.

ఏడవ తరగతి చెల్లెలొకతె వేసవిలోను పొడుగుచేతుల చొక్కా విప్పెడిది కాదు. (ఆమె యనుమతితోనే వ్రాయుచున్నాము, పేరు వ్రాయము.) ముంజేతిపై రూపాయిబిళ్లంత మచ్చ. నర్సమ్మగారు కన్నులు మూయించి దూదిపోగుతో తాకుచు, తాకినచోట వ్రేలు పెట్టుమనిరి. ఆమె అంతటను సరిగా చూపెను, మచ్చమీద మాత్రము చూపలేదు. భోజనపంక్తి మార్చవలెనా యని వార్డెనమ్మగారు డాక్టరుగారి నడుగగా, మందు మొదలిడినపిమ్మట అంటదు, అక్కఱలేదని చెప్పిరి. ఆమె మా గదిలోనే పరుండును. మాసమున కొక మాత్రల అట్ట, నాలుగు ముగిసినవి. మచ్చకు రంగింకను రాలేదు. ఆదివారము సాయంకాలములందు దూదిపోగుతో మేమే పరీక్షించుచుందుము. పోయిన మాసమున అంచున రెండుచోట్ల ఆమెకు తెలిసినది.